చెరసాలలో ఎవరి గది ఎవరిది?

మెహిదీపట్నము నుండి టోలిచౌకి మీదుగా గోలకొండకు పోవు దారిలో ప్రతిదినము వేలాది మంది ప్రయాణము చేయుచుందురు. ఊరి పేరులోనే చౌకి ఉన్నది. చౌకి అనగా కాపలా ఠాణా. ఇక్కడికి ఉత్తరమున ఫిలింనగరు, జూబిలీహిల్సు. పడమట గోలకొండ కోట. ఆ కోటలో యాత్రికులకు ఒక చీకటిగది చూపి, ఇది రామదాసు బందీఖానా అని చెప్పుదురు. సర్కారు సొమ్ము భద్రాచల దేవాలయమునకు వెచ్చించినాడను నేరముపై కంచెర్ల గోపన్న 12 సంవత్సరములు అందులో మగ్గినాడని మన సంప్రదాయము. ఆ కథను 1964లో చిత్తూరు నాగయ్యగారు, 2006లో రాఘవేంద్రరావుగారు తెరమీద చూపినారు. కనుక చెరసాల గడప తొక్కని ఇంటిలో కూడ ఆ గది తెలియనివారు ఉండరు.

రామదాసును బంధించిన అబుల్ హసన్ తానీషా కూడ తరువాత బందీయే అయినాడు. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొని ఆయనను దౌలతాబాదు కోటకు పంపినాడు. అక్కడ ఆయనకు నివాసము చీనీమహలు అను భవనము. మరణించువరకు అందులోనే ఉన్నాడు. తాసీల్దారునకు చీకటిగది, పాదుషాకు మహలు! ఇద్దరూ బందీలే. గదిని నిర్ణయించినది వారి వారి అంతస్తు.

బందీని ఎక్కడ ఉంచవలెను? ఎవరి సరసన ఉంచవలెను? ఎవరినుండి వేరుచేయవలెను? పైకి ఇది జైలు అధికారుల దినచర్యకు సంబంధించిన చిన్న సంగతివలె కనిపించును. కాని సాయంకాలము తలుపులు మూసిన తరువాత తెల్లవారువరకు ఒక బ్యారక్‌లో ఏమి జరుగునో ఆ నిర్ణయముపై ఆధారపడి ఉన్నది. తొలిసారి తప్పుచేసిన పడుచువాడు ఆరితేరిన దొంగల నడుమ పడినచో విడుదలనాటికి ఏ విద్య నేర్చి వచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు. మన తెలుగుదేశములో ఈ ప్రశ్నకు ఏ కాలమున ఏ జవాబు చెప్పినారో ఈనాడు విచారింతము.

రాజుల కాలమున చెరసాల ప్రధానముగా నిరీక్షణ స్థలము. బాకీ చెల్లువరకో, ప్రభువు తీర్పు చెప్పువరకో మనిషిని కోటలో కూర్చుండబెట్టెడివారు. ఇన్ని సంవత్సరములు అని లెక్కకట్టి నిర్బంధమునే సామాన్యశిక్షగా విధించు పద్ధతి కుంఫిణీ పాలనతో స్థిరపడినది. మెకాలే సభ్యుడుగా ఉండిన సంఘమొకటి 1838లో చెరసాలల క్రమశిక్షణపై నివేదిక సమర్పించినది. తరువాత గోదావరి ఒడ్డున, డచ్చివారి పాతకోట ఉన్న చోట, రాజమహేంద్రవర కారాగారము పెరిగినది. నైజాము రాజ్యమున 1876లో చంచల్‌గూడ జైలు వెలసినది.

1894లో వచ్చిన కారాగారచట్టము 27వ సెక్షనులో నాలుగు విభజనలు చేసినది. స్త్రీలు పురుషులనుండి వేరుగా ఉండవలెను. చిన్న వయసు ఖైదీలు పెద్దవారినుండి వేరుగా ఉండవలెను. విచారణలో ఉన్నవారు శిక్షపడినవారినుండి, అప్పుల వంటి సివిలు వ్యవహారములలో వచ్చినవారు నేరస్థులనుండి వేరుగా ఉండవలెను. ఈ నాలుగింటిలో ఏదియు మనిషి ధనమును గాని, కులమును గాని అడుగలేదు. ఆడుదా మగవాడా, వయసెంత, నేరము రుజువైనదా, ఏ విధమైన కేసు అని మాత్రమే అడిగినది. చట్టము ఇంతటితో ఆగినచో మన కథయు ఇంతటితో ముగిసెడిది. కాని చట్టము క్రింద నియమావళులు పుట్టినవి. వాటిలోనికి అంతస్తు, పుట్టుక రెండును ప్రవేశించినవి.

ముందు అంతస్తు సంగతి. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వ్రాసిన వ్రాతకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిపై రాజద్రోహము మోపినారు. మొదట పడిన శిక్షను హైకోర్టు మూడేండ్లకు పెంచినది. ఎం.ఏ. చదివిన ఆ పత్రికాసంపాదకుని వేలూరు చెరసాలలో సామాన్య నేరస్థునివలె, కాళ్ళకు సంకెళ్ళు వేసి ఉంచినారు. దేశము దీనిని అవమానముగా భావించినది. అటుపిమ్మట రెండు దశాబ్దములు ‘రాజకీయ ఖైదీ అనగా ఎవరు?’ అను ప్రశ్న ప్రభుత్వమును వదలలేదు. 1929 జూలై 13న లాహోరు చెరసాలలో జతీంద్రనాథ్ దాసు నిరాహారదీక్ష పూనినాడు. 63వ దినమున, సెప్టెంబరు 13న, ప్రాణములు విడిచినాడు.

ప్రభుత్వము 1930లో దీనికి ఇచ్చిన జవాబు విచిత్రమైనది. రాజకీయ ఖైదీ అను తరగతిని అది అంగీకరింపలేదు. దానికి మారుగా ఖైదీలందరిని ‘ఏ’, ‘బి’, ‘సి’ అని మూడు తరగతులు చేసినది. ఎవని సామాజిక స్థాయి, విద్య, జీవనపు అలవాటు మేలైన జీవితమునకు అలవాటుపడినవో వానికి పై తరగతులు; మిగిలిన అందరికి ‘సి’. పై తరగతులవారికి మంచము, బల్ల, పుస్తకములు, మెరుగైన భోజనము, కొంచెము ఎక్కువ ఉత్తరములు లభించెడివి. ‘సి’ తరగతివానికి చాప, సంకటి, పని. ఆ సంవత్సరమే ఉప్పు సత్యాగ్రహము వచ్చినది. ఒకే సముద్రతీరమున, ఒకే కుండలో ఉప్పు వండిన ఇద్దరిలో వకీలు పై తరగతికి, ఆయన వెంట నడచిన రైతుకూలీ ‘సి’ తరగతికి పోవుటకు ఈ నియమము దారితీసినది. నేరమొకటే, శిక్షయు ఒకటే కావచ్చును. గది మాత్రము ఇంటినుండి వెంట వచ్చినది.

ఐనను చెరసాలకు వెళ్ళిన మనవారిలో కొందరు ఆ గోడలకు ఆవల చూడగలిగినారు. దుర్గాబాయమ్మగారిని మధుర చెరసాలలో ఏకాంతముగా నిర్బంధించినారు. తమపై మోపిన కేసేమిటో, తాము చేసిన తప్పేమిటో చెప్పుకొనలేని నిరక్షరాస్యులైన స్త్రీలను ఆమె జైలులో చూచినారు. తరువాత చదువు కొనసాగించి న్యాయవాది అయినారు. 1948లో నిజామాబాదు చెరసాలలో దాశరథిగారు బొగ్గుతో గోడలమీద పద్యములు వ్రాయుచుండగా తోటి ఖైదీగా వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఉన్నారు. ఆళ్వారుస్వామిగారి ‘జైలు లోపల’ కథలలో కనిపించువారు ప్రక్క బ్యారక్‌లోని మామూలు నేరస్థులు. రాజకీయ ఖైదీయొకరు వారిని మనుష్యులుగా చూచి వ్రాసినారు.

ఇక పుట్టుక సంగతి. ఇది మరింత బాధాకరము. 1871లో ఉత్తరదేశమునకు చేసిన నేరస్థజాతుల చట్టమును 1911లో మద్రాసు రాష్ట్రమునకు కూడ విస్తరింపజేసినారు. ఎరుకల, యానాది మొదలైన జాతులలో పుట్టిన అనేకుల పేర్లు పోలీసు రిజిస్టరులలోనికి ఎక్కినవి. బాపట్ల దగ్గర, హోం సభ్యుడైన హెరాల్డు స్టూవర్టు పేర, 1913 ప్రాంతమున స్టూవర్టుపురము వెలసినది. దానిని ముక్తిఫౌజు నడిపినది. కావలిలో బాప్టిస్టు మిషను మరొకటి నడిపినది. బడి, పొలము, పని అన్నియు ఉన్నవి. కాని హాజరు పట్టీయు ఉన్నది. అనుమతి చీటి లేక పొరుగూరికి పోరాదు. ఏ నేరమును చేయని శిశువు కూడ పుట్టుకతో ఆ సెటిల్‌మెంటు నివాసియే. ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెరసాలలో ఉండి వ్రాసిన ‘మాలపల్లి’ నవలలో ముక్తిఫౌజు వారి నిర్బంధము వచ్చుట యాదృచ్ఛికము కాదు. ఆనాటి తెలుగుదేశమున అది కంటికెదుట ఉన్న సత్యము.

మద్రాసు రాష్ట్రములో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీతోను ఆ చట్టము రద్దయినది. చట్టము పోయినది గాని దాని మాటలు జైలు నియమావళులలో మిగిలినవి. ఫలానా సంచారజాతివానికి పారిపోవు స్వభావము ఎక్కువ అనియు, వంటపని ఫలానా కులమునకు, పాకీపని ఫలానా కులమునకు అనియు అనేక రాష్ట్రముల పుస్తకములలో అచ్చయి ఉన్నది. స్వతంత్రము వచ్చిన తరువాత తయారైన 1979నాటి ఆంధ్రప్రదేశ్ కారాగార నియమములలో కూడ సంచార, నేరస్థజాతుల ప్రస్తావన నిలిచియున్నది.

న్యాయస్థానములు ఈ ముడులను ఒక్కొక్కటిగా విప్పినవి. విశాఖపట్నము చెరసాలలోని నక్సలైటు ఖైదీలు గోడపై విద్యుత్తుతీగను, పోలీసుకాపలాను ప్రశ్నించిన కేసులో 1974లో సుప్రీంకోర్టు, శిక్షపడినంతమాత్రమున మనిషి ప్రాథమిక హక్కులన్నియు పోవు అని చెప్పినది. ఆ తీర్పు వ్రాసినవారు వై.వి. చంద్రచూడ్‌గారు. 1980లో కృష్ణయ్యరుగారు, మేలైన తరగతి ఖైదీకి బేడీలు వద్దు, సామాన్యునికి వేయవచ్చును అను భేదమును త్రోసిపుచ్చినారు.

వర్గీకరణము అనవసరము అని దీనికి అర్థము కాదు. నాటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు సంగతి చూడుడు. 1977 మే నెలలో అక్కడ రిమాండులో ఉన్న తండ్రీకొడుకులు తమకు శత్రువుల వలన ప్రాణభయమున్నదని ముందే చెప్పుకొన్నారు. తగిన కాపలా ఏర్పడలేదు. 5వ తేదీ రాత్రి దాటి తెల్లవారుజామున దుండగులు జైలులో ప్రవేశించి వారి గదిలోనికి బాంబులు విసిరినారు. తండ్రి మరణించినాడు, కొడుకు గాయపడినాడు. ప్రభుత్వము తన సార్వభౌమత్వమును అడ్డుపెట్టుకొని తప్పించుకొనరాదని, నష్టపరిహారము చెల్లింపవలెనని 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఎవనికి ఎవరివలన ఆపద ఉన్నదో కనుగొని గది నిర్ణయించుట వర్గీకరణము యొక్క మొదటి ధర్మము. అది తప్పినచో ప్రాణము పోవును.

అదే వర్గీకరణమును మేలునకు వాడవచ్చును. 1965లో అనంతపురము దగ్గర రెడ్డిపల్లిలో గోడలులేని వ్యవసాయ కారాగారము ఏర్పడినది. శిక్షలో కొంతభాగము గడిపి, నడవడి బాగున్నదని తేలిన ఖైదీలను అక్కడికి పంపుదురు. వారు పొలముపని చేయుచు కాలము గడపుదురు. అక్కడ ప్రవేశమునకు అడుగునది తాత పేరు కాదు. గత కొన్నేండ్లుగా ఆ మనిషి నడచుకొన్న తీరు.

చివరకు 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, సుకన్యా శాంత అను పత్రికారచయిత్రి వేసిన కేసులో, కులమునుబట్టి ఖైదీలను విభజించు నియమములన్నియు రాజ్యాంగవిరుద్ధములని తీర్పు చెప్పినది. జైలు రిజిస్టరులనుండి కులపు గడిని తీసివేయుమన్నది. నియమావళులను మూడు నెలలలో సవరింపుమన్నది. విమర్శకు వచ్చిన నియమములలో ఆంధ్రప్రదేశ్‌వి కూడ ఉన్నవి. ఈ తీర్పు వ్రాసినవారు డి.వై. చంద్రచూడ్‌గారు. 50 సంవత్సరముల క్రిందట విశాఖ ఖైదీల కేసులో తీర్పు చెప్పిన న్యాయమూర్తి ఆయన తండ్రిగారే.

తీర్పు కాగితముమీద ఉన్నది; బ్యారక్ ఇటుకలతో కట్టినది. 2022 చివరికి మన దేశపు చెరసాలలలో ఉన్న సుమారు 5 లక్షల 73 వేల మందిలో 4 లక్షల 34 వేల మంది ఇంకను నేరము రుజువుకానివారు. వారిని శిక్షపడినవారినుండి వేరుచేయవలెనని 1894లోనే వ్రాసికొన్నాము. నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే అయినపుడు, వేరుచేయుటకు చోటు ఎక్కడ? గది చాలనపుడు మొదట చెరిగిపోవునది ఈ విభజనయే. బెయిలు సొమ్ము కట్టలేని పేదవాడు ఆ గుంపులోనే మిగిలిపోవును. తాసీల్దారునకు చీకటిగది, పాదుషాకు మహలు ఇచ్చిన కాలము పోయినదని మనము నిశ్చింతగా చెప్పుకొనవలెనన్నచో, ముందు ఆ మనిషికి ఒక జవాబు చెప్పవలసి ఉన్నది.

మేము ఈ ప్రసంగము వ్రాయునాడు గోలకొండకు పోయి ఆ చీకటిగది ముందు కొంతసేపు నిలిచినాము. పిల్లలు లోపలికి తొంగిచూచి, ‘ఇంత చీకటిలో ఎట్లా ఉన్నాడు?’ అని తల్లిని అడుగుచున్నారు. చంచల్‌గూడ, చర్లపల్లి, రాజమహేంద్రవరము జైళ్ళ గోడల ప్రక్కగా పోవునపుడు కూడ అదే ప్రశ్న అడుగుట పెద్దలమైన మనకు తగును.