కొండ మీద గంజాయి, క్యాంపస్‌లో పొగ, జైల్లో మనోళ్లు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చివరి దాకా చదవండి.

యూనివర్సిటీల్లో గంజాయి గురించి ఎవరు మాట్లాడినా రెండే మాటలు. "స్టూడెంట్లు చెడిపోతున్నారు" అని ఒకటి, "ఏజెన్సీ నుంచే వస్తోంది" అని ఇంకోటి. ఆ రెండో మాట రాగానే చూపులన్నీ మన వైపు తిరుగుతాయి. మన ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కింది మనమే. అందుకే ఈ చరిత్ర మనమే చెప్పుకోవాలి.

మత్తు మీద పెత్తనం ఎవరిది అన్న గొడవ మన కొండల్లో కొత్తది కాదు. 1879లో రంప పితూరీ లేవడానికి మన్సబుదారు దోపిడీతో పాటు కల్లు పన్ను కూడా పెద్ద కారణం. కొత్త ఆబ్కారీ నిబంధనలతో ఇంట్లో తాగడానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైంది. కాంట్రాక్టర్ల మనుషులు ఊళ్ల మీద పడ్డారు, మనోళ్లు తిరగబడ్డారు. ఆ తర్వాత అల్లూరి సీతారామరాజు 1922 తిరుగుబాటుకు ముందు తాగుడు మానండి, తగాదాలు పంచాయతీల్లో తీర్చుకోండి అని మన్యం ఊళ్లలో చెబుతూ తిరిగారు. మత్తుతో వ్యాపారం చేసేవాళ్లను ఎదిరించడమూ, మత్తు వద్దనుకోవడమూ రెండూ మన పోరాటంలో ఉన్నవే.

ఇక గంజాయి. దీని మీద బ్రిటిష్ ప్రభుత్వం 1893లో ఒక కమిషన్ వేసింది. పూర్తిగా నిషేధించొద్దు, లైసెన్సులు పెట్టి పన్ను వసూలు చేయండి అని 1894లో ఆ కమిషన్ తేల్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా లైసెన్సు దుకాణాలు చాలాచోట్ల నడిచాయి. 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది, గంజాయి వాడకం ఆపడానికి అందులో 25 ఏళ్ల గడువు ఇచ్చారు. గడువు దగ్గర పడుతుండగా 1985లో మన పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది. నిన్నటి దాకా సర్కారుకు ఆదాయం తెచ్చిన సరుకు ఒక్కసారిగా నేరమైపోయింది.

కానీ కొనేవాళ్లు ఆగలేదు. వ్యాపారం రోడ్డు లేని చోటికి, పోలీసు సులువుగా రాలేని చోటికి జరిగింది. అట్లా ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండలు దానికి దొరికాయి. బయటి వ్యాపారులు విత్తనం ఇచ్చారు, ముందే డబ్బులు ఇచ్చారు. మనోళ్లు ఎందుకు ఒప్పుకున్నారంటే, పోడుకు పట్టా లేదు, సంతలో పంటకు ధర లేదు, కాఫీ వేస్తే తొలి కాపుకే మూడు నాలుగేళ్లు ఆగాలి. ఇది ఆదివాసీ అలవాటు కాదు, ఆదివాసీ అవసరం మీద నడిచిన వ్యాపారం.

2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన మొదలుపెట్టి వేల ఎకరాల్లో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల దాకా సరుకు తగలబెట్టారు. సరుకు కాలిపోయింది గానీ కేసులు మిగిలాయి. గంజాయి 20 కిలోలు దాటితే చట్టంలో అది వాణిజ్య పరిమాణం. శిక్ష 10 నుంచి 20 ఏళ్లు, జరిమానా లక్షకు తక్కువ కాదు. 37వ సెక్షన్ వల్ల బెయిలు రావడమూ కష్టమే. కూలి డబ్బుల కోసం బ్యాగు మోసిన కుర్రాడికీ ఇదే సెక్షన్. పెట్టుబడి పెట్టినవాడు మాత్రం ఆ బ్యాగు దగ్గర ఉండడు.

అదే సరుకు క్యాంపస్‌కి చిన్న పొట్లమై వస్తుంది. ఎందుకు తాగుతున్నారు? 2019లో కేంద్రం, ఎయిమ్స్ కలిసి ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో ఏడాదిలో భంగు, గంజాయి లాంటివి వాడినవాళ్లు సుమారు 3.1 కోట్లు. అందరిదీ ఒకే కారణం కాదు. డబ్బున్న పిల్లలకు అది సరదా. మనలాంటి వాళ్లకు కారణాలు వేరేగా ఉంటాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివి ఇంగ్లీషు క్లాసులో ఏమీ అర్థంకాక కూర్చోవడం, బ్యాక్‌లాగులు, ఆగిపోయిన స్కాలర్‌షిప్, "కోటాలో వచ్చావు కదా" అనే ఎత్తిపొడుపు, ఇంట్లో చెప్పుకుంటే వాళ్లకు అర్థంకాని బాధ. అప్పుడు గదిలో ఒకడు "ఆకే కదా, మందు కన్నా నయం" అంటాడు. నిజానికి చట్టం గంజాయి అనేది ఆకును కాదు, పూతను. చిన్న వయసులో మొదలుపెడితే జ్ఞాపకం, ఏకాగ్రత దెబ్బతింటాయి, కొందరికి మతి చలించే ప్రమాదమూ ఉంది. చదువు కోసం వచ్చినవాళ్లం, ఆ రెండూ పోతే మనకేం మిగులుతుంది?

తాగుతున్న మిత్రుల్ని మనం వెలివేయొద్దు. అలవాటు పడినవాళ్లు సర్కారు నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో తమంతట తాము చికిత్సకు వెళ్తే, వాడకం, కొద్దిపాటి సరుకు కేసుల్లో విచారణ నుంచి 64ఏ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ఈ సంగతి మన హాస్టళ్లలో చాలామందికి తెలియదు. మత్తు మానడానికి 14446, మనసు బాగోకపోతే 14416, రెండూ ఉచితమే. నోటీసు బోర్డుల మీద రాసి పెట్టండి.

సర్కారును అడగాల్సినవీ ఉన్నాయి. స్కాలర్‌షిప్ టైముకి ఇవ్వాలి. హాస్టల్లో కౌన్సెలర్ ఉండాలి. తోట నరికిన చోట కాఫీ, మిరియాలు కాపుకొచ్చే దాకా ఆదుకోవాలి. బ్యాగు మోసి జైల్లో ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సహాయం అందాలి.

క్యాంపస్‌లో ఒక పొట్లం కొన్నామంటే, కొండ మీద ఇంకో తమ్ముడి భుజానికి బ్యాగు తగిలించినట్టే. ఆ తమ్ముడు మన ఊరోడే అయ్యుంటాడు.

జై ఆదివాసీ.