యంత్రం బాగానే ఉంది, గడువు తీరింది

మీటలు అరగలేదు. తెర వెలుగు తగ్గలేదు. అక్షరం కొడితే అక్షరం పడుతోంది. అయినా ఒకనాడు తెర మీద ఒక వాక్యం ప్రత్యక్షమవుతుంది: ఈ లాప్‌టాపు కొత్త ఆపరేటింగ్ సిస్టముకు అర్హం కాదు అని. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసిన నాటినుంచి ఈ సంగతి నన్ను అడిగేవారు ఎక్కువయ్యారు. తెలుగు పండితుణ్ణి ఇది అడగడమేమిటని చదువరులకు సందేహం రావచ్చు. ఉద్యోగ విరమణ చేసినప్పటినుంచి నలుగురికి కంప్యూటరులో తెలుగు రాయడం చెబుతున్నాను. ఆ దారిన వచ్చే ప్రశ్నలివి. అడిగేవారి దగ్గర సమాధానం కూడా సాధారణంగా సిద్ధంగానే ఉంటుంది. కొందరు కంపెనీల దురాశ అంటారు. కొందరు పాతది పాతదే కదా అని పెదవి విరుస్తారు. రెండింటిలోనూ కొంత నిజముంది. ఏది ఎంత నిజమో తెలియాలంటే ఒక ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళి చూడాలి.

ముందుగా మాటల సంగతి. అప్‌డేటు వేరు, అప్‌గ్రేడు వేరు. మొదటిది ఉన్న ఇంటికి చేసే మరమ్మతు. రెండవది ఆ ఇల్లు విడిచి కొత్త ఇంట్లో దిగడం. మరమ్మతులు ఆగిపోయిన ఇల్లు వెంటనే కూలదు, కాని కన్నం పడితే పూడ్చేవాడుండడు. ఇక ఆపరేటింగ్ సిస్టమును నిర్వహణ వ్యవస్థ అని తెలుగు చేసినవారున్నారు. మాట తప్పు కాదు గాని, వినగానే పురపాలక సంఘం కాగితం చదువుతున్నట్టుంటుంది. అందుచేత అందరి నోటా ఉన్న మాటనే వాడుతున్నాను.

ఆపరేటింగ్ సిస్టము నేరుగా ప్రతి భాగంతోనూ మాట్లాడలేదు. తెరకు బొమ్మ పంపే చిప్పు, శబ్దం పలికించే చిప్పు, వైఫై చిప్పు, ఇవన్నీ వేర్వేరు సంస్థలు చేసినవి. ఒక్కొక్కదానిది ఒక్కొక్క భాష. వాటికీ ఆపరేటింగ్ సిస్టముకూ నడుమ దుబాసీలుగా నిలిచే చిన్న ప్రోగ్రాములే డ్రైవర్లు. దుబాసీని సాధారణంగా ఆ చిప్పు చేసినవారే సమకూర్చాలి. ఆపరేటింగ్ సిస్టము తన భాషను మార్చుకున్నప్పుడల్లా దుబాసీ కూడా మళ్ళీ నేర్చుకోవాలి. అమ్మడం మానేసిన చిప్పుకు ఆ పని చేయించాలని తయారీదారుకు ఏ ఆతురతా ఉండదు. బల్లమీది కంప్యూటరైతే ఆ ఒక్క కార్డూ పీకి మరొకటి పెట్టుకోవచ్చు. లాప్‌టాపులో ప్రాసెసరూ తెర చిప్పూ తరచుగా పలకకే అతికించి ఉంటాయి గనుక ఆ వెసులుబాటు లేదు. ఈ కథలో ముందుగా దెబ్బ తినేది లాప్‌టాపే కావడానికి కారణమిది.

తొలి రోజుల్లో ఈ తిరస్కారం ఎవరికీ వింతగా తోచలేదు. 1992లో వచ్చిన విండోస్ 3.1 పాత 8086 ప్రాసెసర్లను వదిలేసింది. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 కనీసం 386 ఉండాలన్నది. 286 ఉన్నవారు అక్కడే ఆగిపోయారు. కొత్త యంత్రం పాతదానికి ఎన్నో రెట్లు వేగంగా ఉండిన కాలమది. మార్చుకోవడానికి డబ్బు లేదనే బాధే తప్ప, ఎందుకు మార్చుకోవాలనే ప్రశ్న లేదు.

తెలుగువారికి మాత్రం 2001లో ఒక ప్రత్యేకమైన కారణం వచ్చింది. విండోస్ 95, 98 డాస్ వంశంలోవి. అవి అక్షరానికి ఒక బైటు చొప్పున లెక్కవేసేవి. ఒక బైటులో ఇమిడేవి 256 గుర్తులే. తెలుగుకు యూనికోడులో 1991లోనే స్థానం దొరికినా ఆ వంశపు యంత్రాలకు ఆ సంగతి సరిగా తెలియదు. 1993లో మొదలైన విండోస్ ఎన్‌టీ మాత్రం పుట్టుకతోనే యూనికోడు ఎరిగినది. ఆ శాఖను ఇళ్ళలోకి తెచ్చినది 2001 అక్టోబరు 25న వచ్చిన ఎక్స్‌పీ. గౌతమి అనే తెలుగు ఖతి దానితోపాటే వచ్చింది. అయినా ఒక తిరకాసు ఉండేది. రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల దగ్గర టిక్కు పెట్టి, సీడీ వేస్తే గాని ఒత్తులు హల్లుల కిందికి చేరేవి కావు. ఆ రోజుల్లో తెలుగు పుట తెరిస్తే నిలువు డబ్బాల వరుసలు చూసినవారికి ఈ ముక్క చదవగానే నవ్వు వస్తుంది.

దాని వెల ఎంత? విండోస్ 98కి 16 ఎం.బి. మెమరీ చాలునన్నారు. ఎక్స్‌పీకి కనీసం 64, సుఖంగా నడవాలంటే 128 కావాలన్నారు. నాలుగు నుంచి ఎనిమిది రెట్లు. పాత లాప్‌టాపు దానికి చాలలేదంటే అక్కడ దురాశ వెతకనక్కరలేదు; 256 గుర్తుల సంచిలో సకల భాషలూ పట్టవు మరి. భాష కోసం యంత్రం మార్చుకోవలసి వచ్చిన ఆ అప్‌గ్రేడును నేను న్యాయమైనదిగానే లెక్కిస్తాను.

తరువాత వచ్చిన విస్టా సంగతి అలా కాదు. 2007 జనవరి 30న అది మార్కెట్టులోకి వచ్చింది. తెర చిప్పులతో మాట్లాడే పద్ధతిని అందులో మూలమట్టంగా మార్చారు. కొత్త పద్ధతికి డ్రైవర్లు కావాలి. గాజుపలకలవంటి కిటికీలు చూపే ఏరో అనే హంగు వాటి మీదే ఆధారపడింది. విస్టా ఆలస్యమవుతున్నదని తెలిసి, 2006 చివరి పండుగ అమ్మకాలు పడిపోకుండా, అమ్ముడవుతున్న యంత్రాలకు విస్టాకు తగినది అనే అర్థం వచ్చే చీటీ అంటించారు. ఇంటెల్ 915 చిప్‌సెట్టు ఆ కొత్త పద్ధతికి తూగదు. అది ఎన్నో లాప్‌టాపులలో ఉంది. అప్పుడు చేసినదేమిటయ్యా అంటే, చీటీకి కావలసిన అర్హతనే సడలించారు. దీనిమీద 2007లో అమెరికాలో కొనుగోలుదారులు వ్యాజ్యం వేశారు. ఆ వ్యాజ్యం పుణ్యమా అని 2008లో మైక్రోసాఫ్ట్ లోపలి ఉత్తరాలు బయటపడ్డాయి. చీటీని నమ్మి 2,100 డాలర్లు పెట్టి కొన్న తన యంత్రం ఇక ఈమెయిలుకే పనికివస్తుందని ఆ సంస్థ పెద్ద ఉద్యోగి ఒకరు వాపోయిన ఉత్తరం కూడా వాటిలో ఉంది. వ్యాజ్యానికి ఉమ్మడి హోదా 2009లో రద్దయింది. అది వేరే సంగతి. ఒక యంత్రానికి అర్హత ఉందా లేదా అన్నది కొలబద్ద ఒక్కటే నిర్ణయించదనీ, బేరసారాలూ నిర్ణయిస్తాయనీ కాగితం మీద రుజువైన సందర్భమిది.

ఐదేళ్ళకు విండోస్ 8 వచ్చి, ప్రాసెసరులో ఎన్‌ఎక్స్ వంటి మూడు గుణాలు తప్పనిసరి అన్నది. ఎన్‌ఎక్స్ అంటే, దత్తాంశం కోసం కేటాయించిన జాగాలో దొంగ ఆజ్ఞలు దాచి నడిపించకుండా అడ్డుకునే తాళం. 2003 ప్రాంతపు తొలి పెంటియం ఎం లాప్‌టాపులు అక్కడ ఆగాయి. తాళం లేని తలుపుకు తాళం చెవి ఇవ్వలేరు గనుక దానిలో వాదించడానికేమీ లేదు.

డ్రైవరు లేక ఆగిపోవడానికి చక్కని ఉదాహరణ 2017లోది. 2012–13లో క్లోవర్ ట్రెయిల్ అనే ఆటం ప్రాసెసర్లతో చవక రకం చిన్న లాప్‌టాపులూ పలకలూ వచ్చాయి. ప్రాసెసరు ఇంటెల్‌దే గాని, అందులోని తెర చిప్పు పవర్‌వీఆర్ అనే పరాయి పనితనం. విండోస్ 8తో అమ్మిన ఆ యంత్రాలు 2015లో ఉచితంగా విండోస్ 10కి మారాయి. ఆ తరువాత 2017లో వచ్చిన పెద్ద మార్పు వాటిమీద ఎక్కలేదు. ఇంటెల్ ఆ చిప్పులకు మద్దతు ముగించింది, కొత్త డ్రైవరు రాలేదు. విండోస్ చేసినవారు తలచినా దుబాసీ లేని మాట సాగదు. వాటికి పాత రూపంలోనే 2023 జనవరి దాకా భద్రతా మరమ్మతులిస్తామని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. కొన్న నాలుగైదేళ్ళకే ఎదుగుదల ఆగిపోయిన యంత్రాలివి. తప్పు ఎవరిదంటే ముగ్గురు ముగ్గురి వైపు చూపించగలరు.

ఇక్కడ మా పండితుల లోకం నుంచి ఒక మాట. తాళపత్రం దానంతటది శాశ్వతం కాదు. పురుగు తింటుంది, పొడి అవుతుంది. ఎవరో మళ్ళీ ఎత్తిరాస్తేనే గ్రంథం బతుకుతుంది. బ్రౌను దొర కడపలో తన సొంత డబ్బుతో పండితులనూ లేఖకులనూ పెట్టి ప్రతులు సరిచూపించాడు గనుక ఎన్నో కావ్యాలు మనదాకా వచ్చాయి. లేఖకుడికి నెలజీతం ఇచ్చేవాడు ఒకడుండాలి. లాప్‌టాపు కొన్ననాడు విండోస్‌కు చెల్లించినది ఒక్కసారే, అదీ తయారీదారు ద్వారా. పదేళ్ళపాటు దాన్ని పరీక్షించి, మరమ్మతు చేసి, ప్రతి పాత చిప్పుతోనూ సరిచూసే మనిషికి జీతం మనం ఇవ్వడం లేదు. కొత్త యంత్రాల అమ్మకం నుంచే అది రావాలి. ఈ లెక్క అర్థమైతే గడువులు ఎందుకున్నాయో సగం అర్థమైనట్టే.

ఆపిల్‌వారిది ఇంకా సూటి. యంత్రమూ వారిదే, ఆపరేటింగ్ సిస్టమూ వారిదే. 2006 మే వరకు అమ్మిన ఐబుక్ జీ4 లాప్‌టాపులో పవర్‌పీసీ ప్రాసెసరుండేది. అప్పటికే ఇంటెల్‌కు మారుతున్నారు. 2009 ఆగస్టులో వచ్చిన స్నో లెపర్డ్ పవర్‌పీసీ మీద నడవలేదు, మూడేళ్ళు! 2020లో ఇంటెల్‌ను కూడా వదిలి సొంత చిప్పులకు మారారు. 2025లో వచ్చిన మాక్ ఓఎస్ 26 ఇంటెల్ యంత్రాలకు కడపటిదని వారే ప్రకటించారు.

అంతా లాభాపేక్షే అనేవారికి నేను లినక్సును చూపిస్తాను. 1991లో లినస్ టోర్వాల్డ్స్ దాన్ని రాసింది 386 యంత్రం మీద. ఆ 386కే 2012 డిసెంబరులో మద్దతు తీసివేశారు; 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 కెర్నెలు తన పుట్టింటి మీదనే నడవదు. అక్కడ అమ్మకమూ లేదు, వాటాదారులూ లేరు. ఒక పాత ప్రాసెసరు కోసం ప్రతి మార్పులోనూ మినహాయింపు రాస్తూ పోతే, రాసేవాడి బుర్ర దానికే ఖర్చవుతుంది. వాడేవారు ఒకరిద్దరే మిగిలినప్పుడు సరిచూసేవారు కూడా ఉండరు. అయితే ఒక తేడా ఉంది. 386ను 27 ఏళ్ళ తరువాత వదిలారు.

ఇప్పుడు విండోస్ 11. 2021 అక్టోబరు 5న వచ్చింది. 64 బిట్ల ప్రాసెసరు, 4 జి.బి. మెమరీ, టీపీఎం 2.0, యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ కావాలన్నది. అన్నిటికీ మించి, ప్రాసెసరు ఒక జాబితాలో ఉండాలి: ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, అంటే 2017 రెండవ సగం నుంచి వచ్చినవి. టీపీఎం అంటే రహస్యపు తాళంచెవులు దాచే చిన్న పెట్టె. కొత్తగా అమ్మే యంత్రాలలో అది ఉండాలని మైక్రోసాఫ్ట్ 2016 జూలైలోనే తయారీదారులకు నియమం పెట్టింది. కాబట్టి చాలా యంత్రాలలో అది ఉంది, సెట్టింగులలో నిద్రపుచ్చి ఉంటుంది. తట్టి లేపితే చాలు. అసలు అడ్డు జాబితాయే.

జాబితాకు సంస్థ చెప్పిన కారణాలలో ఒకటి స్థిరత్వం. అర్హత లేని యంత్రాల మీద ప్రయత్నించినప్పుడు లోపలి పొరలో కుప్పకూలడం 52 శాతం ఎక్కువగా ఉందనీ, అర్హమైనవి 99.8 శాతం నిరాటంకంగా నడిచాయనీ 2021లో లెక్క చెప్పారు. 52 శాతం ఎక్కువ అన్నది చిన్న సంఖ్యకు 52 శాతమే కదా అని ఏ లెక్కల మాస్టారైనా అడుగుతారు. రెండవ కారణం భద్రత. విండోస్ తన గుండెకాయను వేరే గదిలో పెట్టి కాపాడుకునే ఏర్పాటు ఒకటుంది. దానికి ప్రాసెసరులోనే సాయం ఉంటే వేగం తగ్గదు. అంతవరకు బాగుంది. కాని ఆ సాయం ఇంటెల్ ఏడో తరంలోనే మొదలయింది. ఏడో తరం దాదాపు అంతా జాబితా బయట ఉంది. ఎ.ఎం.డి.లో ఆ సాయం జెన్ 2తో వచ్చింది. దానికి ముందరి జెన్ ప్లస్ చిప్పులు జాబితా లోపల ఉన్నాయి. పైగా ఏడో తరంలో 7820హెచ్‌క్యూ అనే ఒక చిప్పుకు, కొన్ని యంత్రాలలో ఉంటే, మినహాయింపు దొరికింది. ఆ చిప్పు ఉన్నది మైక్రోసాఫ్ట్‌వారి సర్ఫేస్ స్టూడియో 2లో. సూత్రం చెప్పి, దాని పక్కనే ఇన్ని అపవాదాలు రాసే వ్యాకర్తను మా గురువులు ఊరకే వదిలేవారు కారు. నా మట్టుకు నాకు 64 బిట్లు కావాలనడం, టీపీఎం కావాలనడం సమంజసమే. ఎనిమిదో తరం దగ్గర గీసిన గీత మాత్రం యంత్రశాస్త్రం గీసిన గీతలా లేదు.

అయితే గడువు తీరిన సిస్టముతో ఏమీ కాదులే అనేవారితోనూ నాకు పేచీ ఉంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆగింది. 2017 మే 12న వన్నాక్రై అనే దోపిడీ ప్రోగ్రాము లోకమంతా పాకి ఫైళ్ళకు తాళాలు వేసింది. బ్రిటన్ ఆసుపత్రులు ఆగిపోయాయి; మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఎక్కువగా చిక్కినవి మార్చిలోనే వచ్చిన మరమ్మతు వేసుకోని విండోస్ 7 యంత్రాలు. ముప్పు ఎంత పెద్దదంటే, మూడేళ్ళ కిందట వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు మరమ్మతు విడుదల చేసింది. తలచుకుంటే చేయగలరని కూడా దీనివల్ల తెలిసింది. విండోస్ 10 విషయంలో ఆ తలపుకు ధర కట్టారు: సంస్థలకు యంత్రానికి మొదటి ఏడు 61 డాలర్లు, ఏటేటా రెట్టింపు, ఇళ్ళలో వాడేవారికి 30 డాలర్లు, లేదా సెట్టింగులను ఆ సంస్థ ఖాతాలో దాచుకుంటే ఉచితం. ఇళ్ళవారికి మొదట ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13.

పాత లాప్‌టాపు ఉన్నవారు ముందు టీపీఎం నిద్రలో ఉందేమో చూసుకోవాలి. ప్రాసెసరు జాబితాలో లేకపోతే లినక్సు ఉంది. 64 బిట్ల యంత్రమైతే చాలు. 32 బిట్లవాటిని అక్కడ కూడా ఒక్కొక్కరే వదులుతున్నారు, 2025లో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ల ఇన్‌స్టాలరు లేదు. యూఎస్‌బీ మీద నుంచే నడిపి చూసి, వైఫై అందుతోందా, శబ్దం వస్తోందా, ఇన్‌స్క్రిప్టు మీటల అమరికలో క్షావత్తు, వట్రుసుడి సరిగా పడుతున్నాయా అని పరీక్షించుకున్నాకే లోపలి డిస్కు జోలికి పోవాలి. అనూ ఖతులలో దాచుకున్న పాత ఫైళ్ళుంటే, విండోస్ ఉండగానే వాటిని యూనికోడులోకి మార్చి పెట్టుకోవడం మంచిది.