దారి పక్క ఫోను

నిర్మానుష్యమైన రోడ్డు మీద ఆపదలో చిక్కినవాళ్లకు రెండు కావాలి. పిలిస్తే పలికే మనిషి ఒకరు. తామెక్కడున్నారో ఆ మనిషికి తెలియడం రెండోది. దారి పక్క టెలిఫోన్లు ఈ రెండు అవసరాలనూ ఒకేసారి తీర్చాయి.

బ్రిటన్‌లో 1905లో ఏర్పడిన ఆటోమొబైల్ అసోసియేషన్, గస్తీ తిరిగే తన సిబ్బంది తలదాచుకోవడానికి రోడ్ల పక్కన చెక్క గదులు నిలిపింది. తర్వాత వాటిలో ఫోన్లు పెట్టి, సభ్యులకు తాళంచెవులు ఇచ్చింది. ప్రతి గదికీ ఒక నంబరు. స్కాట్లండ్ కొండదారిలో కారు ఆగిపోయినా ఆ నంబరు చెబితే చాలు, చోటు తెలిసిపోయేది. అయితే సభ్యత్వం లేనివారికి ఆ తలుపు తెరుచుకునేది కాదు. 1959లో మొదలైన ఎం1 మోటార్‌వే మీద ఆ అడ్డు తొలగింది. సుమారు మైలుకొకటి చొప్పున పెట్టిన ఫోన్లను ఎవరైనా వాడుకోవచ్చు.

పెద్ద రహదారులకు దక్కిన ఈ వసతి పశ్చిమ జర్మనీలో మామూలు రోడ్లకు చేరడం వెనక ఒక కడుపుకోత ఉంది. 1969 మే 3న అక్కడి విన్నెండెన్‌లో ఎనిమిదేళ్ల బ్యోర్న్ స్టైగర్‌ను కారు ఢీకొంది. అంబులెన్స్ రావడానికి దాదాపు గంట పట్టింది. పిల్లవాడు దక్కలేదు. తల్లిదండ్రులు రెండు నెలలకే కొడుకు పేరిట ఒక సంస్థ స్థాపించి, విరాళాలు పోగుచేసి, ఊళ్ల మధ్య రోడ్ల వెంట వేల సంఖ్యలో అత్యవసర ఫోను స్తంభాలు పెట్టించారు. 110, 112 అత్యవసర నంబర్లను దేశమంతటా అమలు చేయాలని 1973లో ప్రభుత్వాలు నిర్ణయించడంలోనూ వారి పోరాటం పాలుంది.

మొబైల్ వచ్చాక ఈ స్తంభాల పని తగ్గింది. బ్రిటన్‌లో ఆ పాత గదుల ఫోన్లు 2002లో మూగబోయాయి. కానీ మొదట్లో మొబైల్ మాటను మోసిందే తప్ప చోటును చెప్పలేకపోయింది. ఆ లోటు తీర్చడానికే 2018 నుంచి ఐరోపా సమాఖ్య కొత్త కారు మోడళ్లలో ఈకాల్ అనే ఏర్పాటును తప్పనిసరి చేసింది. పెద్ద ప్రమాదం జరిగితే కారే 112కు ఫోను చేసి, తానున్న చోటు తెలుపుతుంది.

మన దగ్గర 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలైంది. జాతీయ రహదారులకు 1033 ఉంది. అయినా నల్లమల వంటి అడవిదారుల్లో సిగ్నల్ అందని చోట్లున్నాయి. అక్కడ ఏ నంబరు గుర్తున్నా ప్రయోజనం లేదు. అలాంటి చోట్ల దారి పక్క ఫోను పాతబడిన వస్తువు కాదు, ప్రాణావసరం. దాన్ని నిలబెట్టడంతోనే బాధ్యత తీరిపోదు. మీట నొక్కితే పలుకుతోందో లేదో క్రమం తప్పకుండా చూసుకోవాలి. పలకని ఫోను మనిషిని నమ్మించి, విలువైన నిమిషాలను మింగేస్తుంది.