ఆకు పక్కన కొబ్బరి చిప్ప

కిందటి సంక్రాంతికి దక్షిణ ఆక్లండ్‌లోని మా వాళ్ళ ఇంట్లో పెద్దలకు పెట్టుకున్నాము. అరటి ఆకులో అన్నం, పప్పు, చింతపండు పులుసు, గారెలు వడ్డించాము. ఆకు పక్కన, ఏటా చేసేటట్లే, కొబ్బరి చిప్పలో యాంగోనా పోసి ఉంచాము. ఆ పూట పిలుపు మీద వచ్చిన పెద్దమనిషి ఒకరు, ఉద్యోగరీత్యా ఆంధ్రదేశం నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు, ఆ చిప్పను చూసి నవ్వుతూ, "ఇది మన ఆచారం కాదండీ, మీ ఫిజీ అలవాటు" అన్నారు. ఆయన నొప్పించాలని అనలేదు. అయినా మాలో కొందరికి ఆ రోజు భోజనం సహించలేదు.

ఆచారానికీ అలవాటుకీ తేడా ఏమిటి? ఆ తేడా నిర్ణయించేది ఎవరు? నిఘంటువుల కంటె మన చరిత్రలోనే దీనికి జవాబు వెతకడం మేలని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మన భాషలో దీనికి ఉన్నది ఒక్క మాట కాదు. ఒంటికి పట్టినది అలవాటు. నలుగురి నోటా నలిగేది వాడుక. రోజూ ఒకరి దగ్గరే పోయించుకొనే పాలు కూడా వాడుక పాలే. పెద్దల నుండి వచ్చినది ఆచారం. ఏటేటా తప్పకుండా జరిగేది ఆనవాయితీ. పట్టుబట్టి నేర్చేది అభ్యాసం. వదిలించుకోలేనిది వ్యసనం. ఇక 'మామూలు' ఉన్నదే, అది అరబ్బీ నుండి వచ్చి మన ఇంటి మనిషి అయిపోయింది. రోజూ ఉండేదీ మామూలే, పని కావడానికి ఉద్యోగి చేతిలో పెట్టేదీ మామూలే.

ఈ చివరి మాటతోనే మన తాతల కథ మొదలవుతుంది. ఫిజీకి మొదటి గిర్మిట్ ఓడ లియోనిడాస్ 1879 మే 14న చేరింది. 1916 వరకు 60 వేల పైచిలుకు మంది అలా చేరారు. మద్రాసు రేవు నుండి మనవాళ్ళ ప్రయాణం మొదలైనది 1903లో. లౌటోకా చక్కెర మిల్లు తెరిచినదీ ఆ ఏడే. మద్రాసు నుండి వెళ్ళినవారు సుమారు 15 వేల మంది. అందులో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల వారు ఎందరో. ఒప్పందం అయిదేళ్ళు. రోజుకు మగవారికి ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. లైన్లలో ఒక్కొక్క గది పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్ళు, లేదా పిల్లలతో ఒక జంట.

చట్టం ప్రకారం ఒక రోజు టాస్కు అంటే మామూలు ఆరోగ్యం గల మనిషి ఆరు గంటలు ఆగకుండా చేయగలిగిన పని. కాగితం మీద చూస్తే ఇందులో అన్యాయం కనబడదు. అయితే ఆ మామూలు మనిషి ఎవరు? గట్టి పిండం వంటి ఒకణ్ణి చూపించి, వాడు చేసినంత అందరూ చెయ్యాలని కులంబరు కొలత వేసేవాడు. టాస్కు పూర్తికాకపోతే కూలి కోత. అది చాలదన్నట్లు కోర్టు కూడా. మామూలు అనే మాటను ఎవరు కొలుస్తారో వారిదే ఆ మాట అని మన తాతలకు చేలోనే తెలిసింది.

శరీరం మాత్రం నేర్చుకుంది. 1920 జనవరి 1న గిర్మిట్ రద్దయింది. మా తాతగారు ఆ తరువాత ముప్ఫై ఏళ్ళు బ్రతికారు. సొంతంగా కౌలుకు చెరకు వేసుకున్నారు. అయినా చీకటితో లేచి, ఎవరో పేరు పిలుస్తారన్నట్లు గుమ్మంలో నిలబడేవారని మా నాయనమ్మ చెప్పేది. దీన్ని అలవాటు అనాలో, గాయం అనాలో మాకు ఇప్పటికీ తోచదు.

ఇక్కడ న్యూజీలాండ్‌లో ఉన్న మనం గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఆక్లండ్ రేవులో బిర్కెన్‌హెడ్ దగ్గర చెల్సీ చక్కెర శుద్ధి కర్మాగారం 1884లో మొదలయింది. కొద్ది ఏళ్ళకే అది కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ చేతికి వచ్చింది. ఫిజీలో మనవాళ్ళు నరికిన చెరకు మిల్లులు ఉన్నదీ ఆ కంపెనీకే. 1973 వరకు అక్కడ దానిదే రాజ్యం. ఫిజీ ముడి చక్కెర ఈ రేవుకు వచ్చి, తెల్లబడి, ఇక్కడి ఇళ్ళలో టీ కప్పుల్లోకి చేరింది. రెండు చెంచాలు వేసుకొని తాగే అలవాటు ఒకరిది, ఆ అలవాటుకు గిర్మిట్ మరొకరిది. మనం ఈ దేశానికి రాకముందే మన తాతల చెమట వచ్చింది.

మళ్ళీ యాంగోనా దగ్గరకు వద్దాము. మిరియాల జాతి మొక్క వేరు అది. దంచి, నీళ్ళలో పిసికి, వడగట్టి, చిప్పతో అందిస్తారు. స్థానిక ఫిజీ ప్రజలకు అది మర్యాద. ఊరికి వచ్చిన అతిథి ముందుగా ఆ వేరు సమర్పించి అనుమతి పొందాలి. ఆ తంతును సెవుసెవు అంటారు. వారికి అది ఆచారం. మనవాళ్ళు పొలం పని ముగించి సాయంత్రం తానోవా చుట్టూ కూర్చొని తాగారు. మనకు అది అలవాటయింది. రాత్రి రెండు గంటల దాకా లేవనివారి ఇంట్లో అది వ్యసనమయింది. ఆ ఇళ్ళ ఆడవాళ్ళను అడిగితే మన వ్యాసం కంటె బాగా చెబుతారు. వేరు ఒకటే, గిన్నె ఒకటే.

భాష సంగతి వేరు. మనవాళ్ళు వెళ్ళేసరికి ఉత్తరాది వారు వచ్చి ఇరవై నాలుగేళ్ళు. సర్దారు కేక, లైన్లలో పోట్లాట, బేరం, అన్నీ హిందీలోనే. మన తెలుగు ఇంట్లోకి, ఆ తరువాత వంటింట్లోకి, చివరికి ముసలివాళ్ళ గొంతులోకి తగ్గిపోయింది. దీన్ని ఆపాలని పాటుపడినవారు లేకపోలేదు. తాను కూడా గిర్మిట్ మీద వచ్చిన సాధు కుప్పుస్వామి 1926లో నాందీలో సంగం స్థాపించారు. ఆ బడులలో తమిళం, తెలుగు నేర్పారు. 1941లో ఆంధ్ర సంగం ఏర్పడింది. అక్షరాభ్యాసం అంటే ఏమిటో ఆ పెద్దలకు తెలుసు. భాష ఒంటికి పట్టాలంటే రోజూ దిద్దాలి. మనం దిద్దించలేదు. 1987 మే 14న, లియోనిడాస్ చేరిన తేదీ నాడే, సైన్యం ప్రభుత్వాన్ని కూల్చింది. ఆ తరువాత పెట్టెలు సర్దుకొని ఇక్కడికి వచ్చినప్పుడు పోపు పెట్టడం మరిచిపోలేదు, కరివేపాకు మరిచిపోలేదు. మాటలు చాలా వరకు అక్కడే వదిలేశాము.

అతిథిగారి మాటకు మా జవాబు ఇది. ఉత్తరాంధ్ర పల్లెలలో సంక్రాంతిని పెద్దల పండుగ అంటారు. చాలా కుటుంబాలు ఆ రోజు ఆకులో పోయినవారికి ఇష్టమైనది పెడతాయి. చుట్ట కాల్చిన తాతకు చుట్ట, కల్లు తాగిన తాతకు కల్లు. మా తాత తాగినది యాంగోనా. కాబట్టి చిప్ప ఫిజీది, పెట్టడం మాత్రం విశాఖపట్నం జిల్లాదే. దేన్నీ మార్చకుండా ఉంచాలంటే అక్కడ సంక్రాంతి కొత్త పంట పండుగ. ఫిజీలో చెరకు కోత జూన్ నుండి డిసెంబరు దాకా, సంక్రాంతి వచ్చేది వానలలో, తుఫానులలో. ఉత్తరాయణం అంటే దక్షిణాన ఉన్న మనకు సూర్యుడు దూరమవుతున్నాడని అర్థం. ఇక్కడ అప్పటికే పగళ్ళు తగ్గిపోతుంటాయి. అయినా మనం ఒక్క ఏడూ మానలేదు.

ఇంత వ్రాసిన తరువాత ఒక సంగతి దాచడం న్యాయం కాదు. అదే రోజు మా ఇంటి పదేళ్ళ కుర్రవాడు చిప్పను చూపి, ఇది ఎవరికోసం, ఆయన పేరేమిటి అని ఇంగ్లీషులో అడిగాడు. తాతకు అన్నాము. పేరు అన్నాడు. మాలో ఒక్కరికీ నోరు రాలేదు. ఎవరికోసమో తెలియకుండా పెడుతుంటే అతిథిగారి మాటే నిజమని ఒప్పుకోవలసి వచ్చింది.

తరువాత సువాలో బంధువుల ద్వారా ఆయన వలస పాసు నకలు తెప్పించాము. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు అన్నీ ఉన్నాయి. కుడి కనుబొమ మీద మచ్చ ఉన్నదట. ఏమి తినేవాడో, చుట్ట కాల్చేవాడో లేదో, అన్నం ముందు ఏమి చేసేవాడో వ్రాయడానికి అందులో గడి లేదు. ఆ గడి నింపగలిగిన ముసలివారు ఇంకా కొద్దిమంది మన మధ్య ఉన్నారు. పాఠకులు తమ ఇంట జరిగే పనిని, దాన్ని పెద్దలు పిలిచే మాటను, చేసినవారి పేరును వ్రాసి మాకు పంపవలసిందిగా కోరుతున్నాము. తెలుగు రాయడం రాకపోతే హిందీలోనైనా, ఇంగ్లీషులోనైనా సరే. ఆ మాటను మాత్రం వారు పలికినట్లే వ్రాయండి.