రోడ్‌కింగా? ఆర్‌ఎక్స్ 100నా?

దిల్‌సుఖ్‌నగర్‌ హాస్టళ్లలో ఉండి చదువుకున్నవాళ్ల చెవుల్లో ఆర్‌ఎక్స్ 100 చప్పుడు ఇంకా ఉంటుంది. ఎల్బీనగర్ దాకా ఏ సిగ్నల్ దగ్గరైనా ముందు దూకేది అదే. దానికి ఏడేళ్ల ముందే యెజ్డీ రోడ్‌కింగ్ వచ్చింది. రెండూ టూ స్ట్రోక్ బండ్లే, పుట్టిళ్లే వేరు.

రోడ్‌కింగ్ మూలం చెకొస్లొవేకియా జావా. మైసూరులో 1961లో మొదలైన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1978లో దీన్ని తెచ్చింది. 250 సీసీ, 16 హార్స్‌పవర్, ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు. కొత్తగా ఎక్కినవాళ్లు కిక్ రాడ్ కోసం వెతుక్కుంటారు. ఎడమ పక్క గేర్ రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పాలి, అదే కిక్ రాడ్. బండి స్టార్టయ్యాక కిందికి దించితే మళ్లీ గేర్ రాడ్. ఆయిల్‌ను కొలిచి పెట్రోల్లో కలిపి పోయాలి.

ఆర్‌ఎక్స్ 100ని 1985లో ఎస్కార్ట్స్, యమహా కలిసి తెచ్చాయి. మొదట్లో విడిభాగాలు జపాన్ నుంచి వస్తే ఇక్కడ బిగించేవారు. 98 సీసీ, 11 హార్స్‌పవర్. ఇంజన్ రోడ్‌కింగ్‌లో సగం కూడా లేదు, కానీ బండి తేలిక. ఆయిల్‌కు వేరే ట్యాంకు, పంపు ఉంటాయి కాబట్టి కలిపే పని లేదు. కొత్తపేట ట్రాఫిక్‌లో దీన్ని పట్టుకోవడం రోడ్‌కింగ్ వల్ల కాదు. హయత్‌నగర్ దాటి, వెనక మనిషిని ఎక్కించుకుని విజయవాడ రోడ్డు పట్టాలంటే మాత్రం నా ఓటు రోడ్‌కింగ్‌కే.

రెండూ 1996లోనే ఆగిపోయాయి. పొగ నిబంధనలు ఆర్‌ఎక్స్‌ను ఆపేశాయి, మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో ‘ఆర్‌ఎక్స్ 100’ సినిమా వచ్చాక, బండి ఆగిపోయిన తర్వాత పుట్టిన కుర్రాళ్లకూ ఆ పేరు నోటికొచ్చింది. గిరాకీ ఉన్నచోట అతుకుల బండ్లూ ఉంటాయి. కొనేముందు గుడ్డతో గ్రీజు తుడిచి ఇంజన్, ఛాసిస్ నంబర్లు చూడండి. అసలు ఆర్‌ఎక్స్ 100 నంబరు 1ఎల్1తో మొదలవుతుంది. ఆర్‌సీతో కలవకపోతే ఎంత మెరిసినా వద్దు.

దాచుకోవడానికైతే నేను రోడ్‌కింగ్‌నే ఎంచుకుంటాను. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం, రిజిస్ట్రేషనై 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. ఆ తర్వాత రోజువారీ తిరగడానికి వాడకూడదు. ఆ వయసు తొలి రోడ్‌కింగ్‌లకు 2028లో వస్తుంది, ఆర్‌ఎక్స్‌కు 2035 దాకా ఆగాలి.

మీ ఇంటి మెట్ల కింద ఏపీ 11 నంబరుతో అలాంటి బండి ఏదైనా తుప్పు పడుతుంటే, తుక్కు కొనేవాణ్ని పిలిచే ముందు బీరువాలో దాని ఆర్‌సీ ఉందేమో వెతకండి.