మారుపేరు – మారు చిరునామా



పేరు మార్చుకొనుట యెల్లప్పుడును మోసము గాదు. విరాటుని కొలువున ధర్మరాజు కంకుభట్టను పేర నొక యేడు గడపిన కథ మీ రెరుగనిది గాదు. అది పరుల సొమ్ము హరించుటకు గాదు, తమ్ము తాము కాచుకొనుటకు. ఇట్టి మారుపేరునకు మన పాలమూరు సీమలోనే యొక చక్కని దృష్టాంతము కలదు.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరమున, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో జన్మించిరి. 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించిరి. అవి సభ జరుపవలెనన్నను సర్కారు అనుమతి కావలసిన నిజాము దినములు. చిత్రగుప్త, విశ్వామిత్ర, యుగపతి, జంగం బసవయ్య – ఇట్టి పలు మారుపేర్లతో రెడ్డిగారు రచనలు చేసిరి. పాఠకునకు మాట చేరెను. కలము పట్టిన చేయి మాత్రము తెరవెనుక నిలిచెను.

అట్లని బాధ్యత వహింపవలసిన చోట వారు స్వనామమును దాచలేదు. 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షులైరి. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఏ పనికి ఏ పేరు తగునో యెరుగుట వివేకము.

ఈ వివేకము నేడు మన యింటింటికిని కావలసి యున్నది. మన పిల్లలు సెల్‌ఫోనునందు సరకులు తెప్పించినను, బస్సు టిక్కెట్టు కొన్నను ఈ-మెయిల్ చిరునామా నడుగుదురు. ఒకచోట నిచ్చిన చిరునామా పదిచోట్లకు ప్రాకును. పిమ్మట లాటరీ వచ్చినదనియు, బ్యాంకు ఖాతా మూతపడుననియు మోసపు జాబులు వచ్చిపడును.

దీనికి మారు చిరునామా యొక యుపాయము. పూర్వము పట్టణమున చదువుకొను పిల్లవానికి ఎరిగిన అంగడివాని కేరాఫున జాబు వ్రాసెడివారము గదా! ఇదియు నట్టిదే. సేవాసంస్థ మన కొక క్రొత్త చిరునామా నిచ్చి, దానికి వచ్చిన జాబును మన అసలు పెట్టెకు చేర్చును. మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్ రిలే, ఆపిల్ వారి హైడ్ మై ఈమెయిల్ ఇట్టివి. ఒక్కొక్క అంగడికి ఒక్కొక్క మారు చిరునామా నిచ్చినచో, మోసపు జాబు దేనికి వచ్చెనో చూచి, అది యెవరివద్దనుండి బయటపడెనో ఊహింపవచ్చును. ఆ యొక్క చిరునామాను మూసివేయవచ్చును. తక్కినవి చెడవు.

ఇది చట్టవిరుద్ధమేమో యను శంక వలదు. గోప్యత పౌరుని ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చట్టమును చేసినది.

అయినను హద్దులు కలవు. కేరాఫువాడు జాబు విప్పి చూడగలిగినట్లే, నడుమ నున్న సంస్థయు చూడగలదు. కావున నమ్మదగినదానినే యెన్నుకొనవలెను. ఇది ఫోను నంబరును దాచజాలదు. ఆ సంస్థ మూతపడినచో జాబులు రావు. బ్యాంకు, పింఛను, భూమి కాగితముల విషయమున మాత్రము శాశ్వతమైన అసలు చిరునామానే యిచ్చి, దానిని మరెవ్వరికిని ఇయ్యకుండుట మేలు.

కావున ఈ సాయంకాలమే మీ పిల్లలను చేరబిలిచి, తమ అసలు చిరునామాను ఎందరి కిచ్చిరో యడుగుడు.