మూసీ వరద – పత్తర్‌గట్టి: నగరకేంద్ర నిర్మాణంలో ప్రజాధనం

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత వెలసిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల కథ సుపరిచితమే. అంతగా చర్చకు రానిది 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. నిజాం ప్రభుత్వ ధనంతో ఈ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించింది, వీధులను వెడల్పు చేసింది, పేదలకు అద్దె ఇళ్లు కట్టించింది. చార్మినారుకు వెళ్లే దారిలోని పత్తర్‌గట్టి కూడా దాని కృషే: రాతి కమానుల వరుస, కింద అంగళ్లు, పైన నివాసాలు.

అంటే ఒకే ఖాతాలో ప్రజారోగ్యమూ వ్యాపారమూ కలిసి నడిచాయి. వీధి వెడల్పయితే అంగడి విలువ పెరుగుతుంది. ఆ లాభం, ఇల్లు విడిచి వెళ్లినవారికి చేరదు. మన నగరచరిత్రలు (ఈ వ్యాసకర్త పాఠాలతో సహా) కమానులను వర్ణించినంత శ్రద్ధగా ఖాళీ అయిన ఇళ్లను లెక్కించలేదు.

2024లో మూసీ పునరుజ్జీవన పథకంపై వాదోపవాదాలు ప్రధానంగా లక్షన్నర కోట్ల రూపాయల అంచనా చుట్టూ తిరిగాయి. అదే సమయంలో నదీగర్భంలోని ఇళ్ల గోడలపై అధికారులు ‘ఆర్‌బి–ఎక్స్’ అని ఎర్రరంగుతో గుర్తు వేశారు. రెండు పడకగదుల ఇళ్లకు కొందరు తరలివెళ్లారు. పనిచోటు, పిల్లల బడి దూరమవుతాయని కొందరు కదలలేదు.